కాలికి తెలియని ముల్లు

కొల్లేట్లో కొర్రమీను పట్టాలంటే సత్తిరాజే పట్టాలి. వలెందుకు, గాలమెందుకు? మొలలోతు నీళ్ళలో దిగి, బురదలో పాదాలు మెల్లగా ఆడిస్తూ, చేప ఎక్కడ నక్కిందో అరికాలితోనే కనిపెట్టేవాడు. మునిగి లేచాడంటే చేతిలో చేప ఉండాల్సిందే. ఇల్లు గడిచేది ఆ పనితోనే.

అలాంటివాడు ఆ ఏడు ఉత్తచేతులతో ఇంటికి రావడం మొదలుపెట్టాడు. దానికి తోడు తీరని దాహం, ఒంట్లో నీరసం. "చేపలు ఆకివీడు వైపు పోయాయే" అని భార్య వరహాలమ్మకు చెప్పేవాడు. పక్కవాళ్ళ బుట్టలు నిండుతుంటే ఆమె ఎలా నమ్ముతుంది?

ఒకనాడు అతను అరుగు మీద కాళ్ళు చాపుకుని చుట్ట కాలుస్తున్నాడు. వరహాలమ్మ అతని పాదం చూసి గుండెలు బాదుకుంది. బొటనవేలి కింద జెల్లచేప ముల్లు విరిగి, వేలంతా నల్లబడి, చీము కారుతోంది.

"ఓరి నాయనో! ఇంత పుండు పెట్టుకుని ఎలా తిరుగుతున్నావయ్యా?"

"నొప్పుంటే కదే! నా కాళ్ళు రాటుదేలాయి" అన్నాడు గొప్పగా. పిచ్చిమారాజు!

మర్నాడే దోనెలో, ఆపైన బండిలో ఏలూరు తీసుకుపోయింది. డాక్టరు సోమసుందరం గారు మూత్రంలో నీలం మందు కలిపి కాచారు. ఇటుక రంగు తిరిగింది, అంటే చక్కెర బాగా పోతున్నట్టే. సత్తిరాజును కళ్ళు మూసుకోమన్నారు.

"సూది తగలగానే చెప్పు."

సత్తిరాజు ఎదురుచూశాడు. వరహాలమ్మ ఏడుపు వినబడి కళ్ళు తెరిస్తే, సూది అప్పటికే అరికాల్లో దిగి ఉంది.

"మధుమేహమయ్యా. నరాలు చచ్చుబడ్డాయి. నొప్పి తెలియకపోవడం బలం కాదు, అదే జబ్బు. పైగా ఆ చుట్టలు పాదాలకు నెత్తురు అందనివ్వడం లేదు, మానెయ్యి. రోజూ ఇన్సులిన్ సూదిమందు పడాలి. ఈ వేలు తీసేస్తే కాలు దక్కుతుంది."

"మళ్ళీ కొల్లేట్లో దిగొచ్చాండీ?"

"ఉత్తకాళ్ళతో దిగకూడదు."

"చెప్పులేసుకుంటే చేప తెలీదు కదండీ! చేప తెలియని కాలు నాకెందుకండీ? ఉంటే ఎంత, పోతే ఎంత?"

"నోర్ముయ్!" అంది వరహాలమ్మ. "నీకు తెలియకపోతే నేను చూస్తాను, రోజూ దీపం పెట్టే వేళకి రెండు పాదాలూ తిప్పి తిప్పి చూస్తాను. పక్కవాళ్ళు పట్టిన చేపలు నేను అమ్ముకొస్తాను. వేలు తీసెయ్యండి బాబూ!"

సత్తిరాజు తల వంచుకున్నాడు. ఆమె చెయ్యి తన పాదాన్ని గట్టిగా పట్టుకుని ఉంది. ఆ సంగతి అతనికి కళ్ళతో చూస్తేగాని తెలియలేదు. అప్పుడేడ్చాడు.