కొంగలమూల కట్టు

పటాన్‌చెరు మందుల కంపెనీల వెనక ఒక చెరువుంది. పడమటి ఒడ్డున నీళ్లు లోపలికి చొచ్చుకొచ్చిన వంపును కొంగలమూల అంటారు. మోకాలి లోతు నీళ్లు, మనిషి ఎత్తు జమ్ము. కొంగలు, నీటికోళ్లు అక్కడే గూళ్లు పెట్టేవి. కొర్రమట్ట చేప తన ఎర్రటి పిల్లల గుంపును అక్కడే కాచుకునేది. అందుకే బెస్తలు ఒక కట్టు పెట్టుకున్నారు. మృగశిర నుంచి బతుకమ్మ పండుగ దాకా మూలలో వల వేయరాదు, కాలు పెట్టరాదు. కడుపు మాడినా ఆ మాట తప్పలేదు.

ఎనభై తొమ్మిది వానకాలంలో మూల నుంచి కంపు లేచింది. జమ్ము కుళ్లిందనుకొని ఊరుకున్నారు. శ్రావణంలో ఓ పొద్దున గాలి మళ్లి, చచ్చిన చేపలు గుట్టలుగా ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. బెస్తల ఆడబిడ్డ ముత్యమ్మ కొర్రమట్ట పిల్లలను కొంగులోకి ఎత్తుకొని ఏడ్చింది. కూలీల యూనియన్ పని మీద అటు వెళ్లిన మాకు ఒళ్లు మండింది.

ఒడ్డునే అందరూ కూడారు.

“మూలలకు పోయి సూద్దాం పెద్నాయినా,” అన్నది ముత్యమ్మ.

బెస్తల సంఘం పెద్ద కొమురయ్య తల అడ్డంగా ఊపాడు. “పండుగ గాలే బిడ్డా. కట్టు తప్పుతే గంగమ్మ ఊకుంటదా?”

“పిల్లలు బతికుంటే గద కట్టు! పీనుగులకు కావలి గాస్తున్నవా?”

అప్పుడు కంపెనీ కూలి నరసరాజు ముందుకొచ్చాడు. కోస్తా నుంచి పనికొచ్చినవాడు. చేతుల నిండా పొక్కులు.

“మూలలోకి కంపెనీ మురుగు గొట్టం మా చేతే వేయించారండీ. జమ్ములోకి పెట్టండి, వానాకాలం అటు ఒక్కడూ రాడు అన్నాడు మేనేజరు.”

చేపను కాయడానికి తాతలు పెట్టిన కట్టు, కంపెనీ మురుగుకు కాపలా అయింది. దొంగచేతికి తాళాలిచ్చినట్టయింది. కొమురయ్య చెప్పులు విడిచి, నీళ్లు నెత్తిన చల్లుకొని, అందరికంటే ముందు మూలలోకి దిగాడు.

వెనకే ఊరంతా దిగింది. జమ్ము వేళ్ల మధ్య సిమెంటు గొట్టం పసుపు నీళ్లు కక్కుతోంది. గూళ్లలో గుడ్లు చల్లబడి ఉన్నాయి. ఒక్క పిట్ట అరవలేదు. కాళ్లు మండుతున్నా ఎవరూ ఆగలేదు. చేపల గంపలతో బంకమట్టి మోసి గొట్టం నోట్లో కుక్కారు.

మధ్యాహ్నానికి మేనేజరు పోలీసులను వెంటబెట్టుకొచ్చాడు.

“కంపెనీ గొట్టం మూసిందెవడ్రా?”

“నేనే,” అన్నది ముత్యమ్మ.

“మేమే!” అన్నారు అందరూ.

లాఠీలు లేచాయి. తల పగిలిన కొమురయ్యను జీపులో పడేశారు. నెత్తురు తుడుచుకుంటూ అతడు అరిచాడు.

“కట్టు మారిందిరో! ఇగ మూలను ఒక్క పూట గూడ ఒంటిగ ఇడ్వొద్దు!”

ఆ సాయంత్రం నుంచి మూలలో మనిషి లేని పూట లేదు. మర్నాడు గొట్టం తెరవమని కంపెనీ గడ్డపారలిచ్చి కూలీలను పంపింది. ముందు నడిచింది నరసరాజే. అతడు ఒడ్డుకొచ్చి, గడ్డపార కింద పడేసి, ముత్యమ్మ చేతిలోని మట్టిగంప అందుకున్నాడు. వెనకున్న కూలీలందరూ నీళ్లలోకి దిగారు.