మెఱుగు పెట్టిన చక్రములు

ఫాల్గుణము కడచి చైత్రము తొంగిచూచుచున్న దినములగుటచే నల్లమల యడవులయందు మోదుగచెట్లు ఆకెల్ల రాల్చి యెఱ్ఱని పూవులు దాల్చి యుండెను. ఇప్పపూల తీయని వాసన గాలిని మత్తెక్కించుచుండ ప్రాతఃకాలపు లేయెండ కనుమదారి మలుపులపై నొక్కొక్కటిగా దిగుచుండెను. అట్టి వేళ నంద్యాలనుండి గిద్దలూరి దిక్కునకు బోవు నా కొండదారిని ఒక పికప్పు బండి రెండు ప్రాత మోటారుసైకిళ్ళను వెనుకతొట్టిలో మోచుకొని రొప్పుచు నెక్కుచుండెను.

ఆ బండి తోలువాడు మద్దిలేటి. క్రొత్త మోటారుసైకిళ్ళను గిడ్డంగినుండి యంగళ్ళకు జేరవేయుట వాని నిత్యవృత్తి. ముందుచక్రమును తొట్టిగోడకానించి పిడులకు ఇరువైపుల త్రాళ్ళు బిగించి రెండు బండ్ల నడుమ ప్రాత టైరొకటి దోపినచో ఎట్టి గుంతల దారియందైనను గీఱు పడదని వాడు చెప్పుచుండును. అంగడి ముంగిట దింపిన పిమ్మట కొబ్బరినూనె యద్దిన గుడ్డతో టైర్లను తుడిచి నిగనిగలాడించి యప్పగించుట వాని యాచారము. అట్లు చేయుమని వాని నెవ్వరును అడిగియుండలేదు. మాసిన చక్రముతో బండి నప్పగించుట తలంటు పోయక పెండ్లికొడుకును పీటలపై గూర్చుండబెట్టుటవంటిదని వాని దృఢాభిప్రాయము.

నాటి మోటారుసైకిళ్ళు మాత్రము అంగడికి బోవునవి కావు. అవి తిరునాళ్ళలో మృత్యుకూపపు ఆట యాడు హుసేనమ్మవి. నిట్టనిలువు చెక్కగోడలుగల గుండ్రని బావిలోనికి బండితో బ్రవేశించి జనులు పైయంచున నిలిచి చూచుచుండ గోడవెంబడి గిరగిర దిరుగుచు అంచువఱకు నెక్కివచ్చి వారు చాచిన చేతులలోని నోట్లను అందుకొనుట ఆమె జీవిక. ముందు వైపున చోటున్నను ఆమె యందు గూర్చుండదు. తన బండ్లను దానే కట్టి వెనుకతొట్టిలో ఆ బండ్లచెంతనే పయనించును. మృత్యుకూపమను మాట విన్నవాడేగాని మద్దిలేటి దానిని గన్నులార జూచి యెఱుగడు.

కనుమ నడిమి మలుపున ఇంజను చప్పున నాగిపోయెను. మద్దిలేటి బ్రేకు త్రొక్కగా నది నేలకంటెను గాని బండి నిలువదయ్యెను. చేతిబ్రేకును లాగినను ఫలము లేకపోయెను. బండి మెల్లమెల్లగా వెనుకకు జాఱదొడగెను. వెనుక మలుపునకు గోడలేదు. దాని యావల లోయ మాత్రమే యుండెను. వానికి భార్యయు బిడ్డలును కన్నులయెదుట మెదలిరి.

అంతలో హుసేనమ్మ తొట్టిలోనుండి తన చెక్కపెట్టెను క్రిందికి ద్రోసి తానును దుమికి దానిని వెనుకచక్రము క్రిందికి నెట్టెను. ఆటకు గట్టుకొను జలతారు దుస్తులన్నియు దానియందే యుండెను. పెట్టె ఫెళఫెళ విఱిగెను. బండి మాత్రము లోయయంచుననే నిలిచెను. ఆమె రాళ్ళు తెచ్చి చక్రములకడ్డము పెట్టిన పిమ్మట మద్దిలేటి క్రిందికి దిగెను.

“అమ్మా! నీ పెట్టె నుగ్గునూచమయ్యెనే” యని వాడనెను.

“అన్నా! పెట్టె పోయిన మఱియొకటి దొరకును. నీవు పోయిన నీ యింటివారికి నిన్నెక్కడనుండి తెచ్చి యిత్తును?” అని యామె విఱిగిన చెక్కల నడుమనుండి నలిగిన దుస్తులను ఏఱుకొనదొడగెను.

దారిన బోవువారిచే మెకానికును రప్పించి బ్రేకు బాగుచేయించుకొని వారు తిరునాళ్ళు చేరునప్పటికి ప్రొద్దు వాలెను. ఆటకు వేళయైనందున హుసేనమ్మ డేరాలో గూర్చుండి చినిగిన దుస్తులను కుట్టుకొనుచుండెను. మద్దిలేటి బండ్లను దింపి బావి వాకిట నిలిపి ఆలోచనలో బడెను. ప్రాణము నిలిపిన యామెకు తాను ఏమి యీగలడు? ఏమియిచ్చినను ఆమె పుచ్చుకొనదని వానికి తెలియును. తనకు వచ్చిన విద్య యొక్కటియే గదా యని తలచి నూనెసీసా దీసి తన జన్మమున నెన్నడును పెట్టనంత మెఱుగు ఆ చక్రములకు బెట్టెను. నేలనంటు భాగమునైనను విడువలేదు. అంతటి శ్రద్ధ మఱియొక పనియందు జూపియుండిన వాడు ధన్యుడే.

డప్పులు మ్రోగెను. కుట్టుపనిచే ఆలసించిన హుసేనమ్మ వచ్చినది వచ్చినట్లు బండి నెక్కి బావిలో బ్రవేశించెను. మద్దిలేటి ఉత్సాహముతో మెట్లెక్కి పైయంచున నిలిచి క్రిందికి జూచెను. నిలువుగోడ వాని కంటబడెను. ఈ గోడపై ఆమెను నిలుపునది యేమని తనలో దానే యడిగికొని టైరు గరుకుదనము తప్ప వేఱేమియు లేదనియు దానిని తానే నూనెతో పోగొట్టితిననియు తెలిసికొనెను.

వాడు కేకలు వైచెను. సైలెన్సరు లేని ఇంజను హోరులో వాని కేక వానికే వినబడలేదు. ఆమె బావినేలపై చుట్టు తిరుగుచు గోడవైపునకు ఒఱగుచుండెను. దిక్కుతోచక వాడు భుజముమీది తువ్వాలును విసరగా నది పోయి బండిముందు బడెను. బావిలో ఏ వస్తువు పడినను ఆట నాపవలెనని ఆ యాటకాండ్ర కట్టుబాటు. హుసేనమ్మ బండి నాపి తలయెత్తి చూచెను.

వాడు పరుగున దిగివచ్చి టైరును జూపి జరిగినదెల్ల జెప్పి తలవంచుకొనెను. ఆమె వ్రేలితో టైరును తాకి వాసన చూచెను. క్షణకాలము ముఖము వెలవెలబోయెను. పిమ్మట నవ్వు వచ్చెను.

“అడుసు త్రొక్కనేల కాలు కడుగనేల యందురు. చక్రము చూడక యెక్కితిని గనుక నేనును త్రొక్కితిని. ఇరువురము కలసి కడుగుదము రమ్ము.”

పైన జనులు ఈలలు వేయుచుండ వారిరువురును ఇసుకతోను కుంకుడునురుగుతోను టైర్లను రుద్దిరి. తుడుచుటకు గుడ్డ లేకపోగా మద్దిలేటి తువ్వాలే తుడుపుగుడ్డయయ్యెను. రబ్బరు మరల గరుకెక్కినదని వ్రేలితో రాచి నిశ్చయించుకొని నేలపై బండిని త్రిప్పి చూచుకొన్న తరువాతనే ఆమె తృప్తిజెందెను. వాడు సిగ్గుతో వెడలిపోబోవుచుండ ఆమె పిలిచెను.

“ఎక్కడికి బోవుదువన్నా? పైకెక్కి యంచున నిలువుము. ఆ తువ్వాలు చేత బట్టుకొని చాపుము.”

వాడు పోయి నిలిచెను. చేసిన మేలును మఱవనివాడు మంచివాడే. కాని బదులు చేయబూనువాడు ఎదుటివారి దారి యెట్టిదో ముందు దెలిసికొనవలయును. ఆ జ్ఞానము మద్దిలేటికి చెక్కగోడ యంచున గలిగెను.

బండి గోడ నెక్కెను. మొదటి చుట్టునకు వాడు కన్నులు మూసికొనెను. మరల దెఱచునప్పటికి జలతారు కుట్లు తళుక్కుమనుచు హుసేనమ్మ అంచునకు వచ్చుచుండెను. చుట్టును నోట్లు పట్టిన చేతులెన్నియో చాచియుండెను. ఆమె ఆ చేతులన్నిటిని దాటి మద్దిలేటి చేతిలోని మరకల తువ్వాలును లాగికొని పండ్ల నడుమ గఱచి పట్టి నవ్వుచు సాగిపోయెను.

మద్దిలేటి కన్నుల నీరు క్రమ్మెను. తుడుచుకొన తువ్వాలు లేదు. వాడు చాచిన యా చేతితోనే తుడుచుకొనెను.