నీలం సంచి

ఆ ఫుట్‌బాల్ క్లబ్బు బూట్ల గదిలో ఆనవాయితీ ఒకటుంది. దేశం జట్టు పిలిచిన ఆటగాడి బూట్లు నీలం సంచిలోకి చేరతాయి, మిగతావాళ్ళవి అరలోనే ఉంటాయి. ఆఫీసు కాగితం కంటే ముందు ఆటగాళ్ళు చూసుకునేది ఆ సంచినే. ఆ గది చూసుకునే ఆమెను అంతా బూట్లమ్మ అంటారు; పన్నెండేళ్ళుగా ఆమె సర్దిన సంచి ఒక్కసారీ అబద్ధం చెప్పలేదు.

నిన్న మధ్యాహ్నం తన సంచి తలుపు పక్కన కనబడగానే గోల్‌కీపరు ఆమెను పట్టుకుని ఏడ్చేశాడు. అతణ్ణి అంతా గోడ అంటారు.

"రెండేళ్ళయింది పిన్నీ అమ్మను చూసి. కరోనా అని దారులన్నీ మూసేశారాయె!"

"ఊరుకోరా, తడిస్తే కూలిపోతావు," అని నవ్వించింది.

ఈ ఉదయం మేనేజరు లోపలికొచ్చి సంచి దగ్గర ఠక్కున ఆగిపోయాడు.

"ఇదెవరు సర్దారు?"

"నేనే బాబూ. పిలుపొచ్చిందిగా."

"పిలిస్తే సరా? పంపాల్సింది మేం కదా! వెళ్ళొస్తే పదిరోజులు క్వారంటైన్‌లో కూర్చోబెడతారు, మూడు మ్యాచ్‌లు పోతాయి. అన్నాళ్ళు క్వారంటైన్ ఉంటే క్లబ్బు పంపనక్కర్లేదని రూలుంది. కుదరదని దేశం జట్టుకు నిన్నే రాశాం."

బూట్లమ్మకు పిడుగు నెత్తిన పడ్డట్టయింది. పిలిచాక పంపకపోవడమన్నది ఆమె కనీవినీ ఎరుగదు.

"నాతో ఒక్క మాటైనా అనలేదేం బాబూ?"

"బూట్ల గదిక్కూడా కబురు పెట్టాలా?" అనేసి, ఆమె ముఖం చూసి తల దించుకుని వెళ్ళిపోయాడు.

ఆమె సంచి జిప్పు లాగింది. ఒక బూటు అరలో పెట్టింది. రెండోది చేతిలో ఉండగానే ఫోను పట్టుకుని గోడ పరిగెత్తుకొచ్చాడు.

"పిన్నీ! దేశం జట్టు మ్యాచ్ జరిగే ఊరికి అమ్మ తెల్లారకముందే బస్సెక్కేసింది. నీతో మాట్లాడతానంటోంది!"

ఫోను ఆమె చెవి దగ్గర పెట్టేశాడు. బస్సు రొదలోంచి ఒక గొంతు ఉత్సాహంగా అరుస్తోంది.

"అక్కా! నా బిడ్డ సంచి సర్దింది నువ్వేనటగా? నీ కడుపు చల్లగా! మా ఊరి గేటు దాటితే పద్నాలుగు రోజులు వెనక్కి రానివ్వరన్నారు. పోతే పోనీ, వాడు కనబడితే చాలని దాటేశాను. అక్కా? వినబడుతోందా?"

గోడ నవ్వు ఇంకా చెరగలేదు. అతని చూపు ఆమె చేతిలోని బూటు మీద పడింది. అక్కణ్ణుంచి నోరు తెరుచుకున్న సంచి మీదికి, అరలోని మొదటి బూటు మీదికి వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది.

"పిన్నీ..."

బూట్లమ్మ ఫోను గట్టిగా పట్టుకుంది. "వినబడుతోందమ్మా," అంది. "బస్సు ఎక్కడైనా ఆగుతుందేమో ముందు అడుగు తల్లీ. తప్పు నాది. నీ కొడుకుది కాదు."