ఎనభై నాలుగు రూపాయల పావురాలు

నల్లా నీళ్లు వచ్చేలోపల ఆగమ్మ మూడు పనులు ముగించేది. వాకిలి ఊడ్చేది. లక్క కరిగించే కుంపటి రాజేసేది. ఆ తర్వాత రెండు లక్క గాజులు టకటకలాడిస్తూ పావురాలకు రవ్వ చల్లేది.

మొఘల్‌పురాలో ఆ గల్లీలో చాలా ఇండ్లల్లో ఇదే వరస. నిజాం కాలపు హాలీ రూపాయి మీద చార్మినార్ బొమ్మ ఉంటుంది కదా, తెల్లవారగానే ఆ బొమ్మలోంచి పావురాలు బయటికి వచ్చేవి. బియ్యపు గింజంత పావురాలు. మీనారుకు ఒకటి చొప్పున రూపాయికి నాలుగు. రెక్కలు విదిలించుకుని, చాప మీది రవ్వ ఏరుకుని, ఎండ ముదిరేలోగా ఎవరి రూపాయిలోకి అవి దూరేవి. రూపాయిని రాతి మీద కొడితే ఖంగుమని మోగేది వాటి కువకువ వల్లనే. పావురాలు లేని రూపాయి మోగదు. మోగని రూపాయిని నాణేలు మార్చే ఏ సరాఫూ ముట్టడు.

కొత్తగా వచ్చిన ఇండియా సర్కారు కల్దార్ రూపాయల మీద సింహాలు ఉండేవి. అవి మేత అడగవు, ఎటూ పోవు.

"గవి సర్కారు నౌకర్లు. కూసున్న కాడికెల్లి లేస్తయా?" అని నవ్వేవాడు ఆగమ్మ పెనిమిటి బాబురావు. బస్సు డిపోలో ఫిట్టరు ఆయన.

వాళ్ల బిడ్డ రాహేలు ఆ ఏడు ఇంటర్ ఫస్ట్ క్లాసులో పాసయింది. మూసీ అవతలి కాలేజీలో బీయెస్సీ సీటు వచ్చింది. ఆ కబురు విన్న రోజు నుంచి ఆ పిల్లకు నేల మీద కాళ్లు నిలవలేదు. కండ్లు మూస్తే నీలం మంట, గాజు గొట్టాలు, అందులో ఎర్రగా మారి మళ్లీ తెల్లబడే నీళ్లు!

రాహేలు దగ్గర ఒక పాత కొంగు ముక్క ఉండేది. దానికి నాలుగు ముడులు. ఒకటి ఫీజుకు, ఒకటి పుస్తకాలకు, ఒకటి బస్సుకు, అన్నిటికన్నా చిన్నది సిరాకు. ఒక ముడిలోది ఇంకో ముడికి పోదు, అదీ ఆమె పెట్టుకున్న కట్టుబాటు. బస్సు ముడి ఖాళీ అయితే నెలంతా నడిచిందే కాని సిరా ముడి విప్పలేదు. ట్యూషన్ పైసలు, అమ్మ గాజుల పైసలు, బాపు ఓవర్‌టైము అన్నీ కలిసి రెండేండ్లకు ఫీజు ముడిలో ఎనభై నాలుగు రూపాయలయ్యాయి. ఫీజు కూడా సరిగ్గా ఎనభై నాలుగే.

కాలేజీ గుమాస్తా ఒక్కొక్క రూపాయిని బల్ల మీద మోగించి చూశాడు. అన్నీ తీయగా మోగాయి.

"బాగనే ఉన్నయమ్మా. గని ఇవి హాలీ. ఈ ఏడు సంది ఫీజు కల్దార్‌ల."

రాహేలు బల్ల అంచు పట్టుకుంది. "నేను హాలీ అనుకున్న సార్."

"అందరూ గట్లనే అనుకుంటున్నరు. ఏడు హాలీలకు ఆరు కల్దార్లు. నీవి డెబ్బై రెండే అయితయి. ఇంక పన్నెండు కల్దార్లు తే. రేపు పగటీలి పన్నెండు గొట్టేదాంక టైముంది. దాటితే సీటు ఇంకొకలకు పోతది."

పన్నెండు కల్దార్లంటే పద్నాలుగు హాలీలు. వంతెన మీద నడుస్తూ అదే లెక్క వంద సార్లు వేసింది. పుస్తకాల ముడి నిన్ననే పాత పుస్తకాల దుకాణంలో ఖాళీ అయింది. బాపు జీతానికి ఇంకా వారం ఉంది.

సంగతి విని ఆగమ్మ చేతులు కడుక్కుని, అప్పు అడగడానికి బిడ్డను ఎదురింటికి తీసుకుపోయింది. ఆ ఇల్లు విఠల్‌రావుది. దఫ్తర్‌లో పెద్ద గుమాస్తాగా చేసి పింఛను తీసుకుంటున్న మనిషి. ఆయన మంచం కింద ఇనుప సందుగలో రూపాయలున్నాయని, ఇరవై ఏండ్లుగా దాని మూత తెరవలేదని గల్లీ అంతటికీ ఎరుకే.

"బీయెస్సీ ఎందుకు ఆగమ్మా? లక్క గాజులకు ఫార్ములా గావాల్నా?" అన్నాడు విఠల్‌రావు.

"గాజులకు గాదు రావుసాబ్, గాజులు దొడిగే చేతికి."

"మాటలు మస్తుగ నేర్చినవ్. కాని నా రూపాయి గడప దాటది. ఇరవై ఏండ్ల సంది దాటలే."

రాహేలు ఇంటి మిద్దెక్కి మోకాళ్ల మీద తల పెట్టుకుని కూర్చుంది. పక్క మిద్దె మీద బాలనర్సింహ తన అసలు పావురాలకు జొన్నలు వేస్తున్నాడు. పొద్దంతా జట్కా తోలి, సాయంత్రం నాలుగైతే చాలు పావురాలు ఎగరేయడమే ఆయన లోకం.

"ఏంది చెల్లే, మొకం గట్ల వెట్టినవ్? పెండ్లి కుదిరిందా ఏంది?"

"కుదిరితే నీ జట్కా కిరాయికి అడుగుదు గని, నా సీటు పోతుందన్నా," అని జరిగిందంతా చెప్పింది.

బాలనర్సింహ గడ్డం గోక్కున్నాడు. ఉన్నట్టుండి ఆయన మొహం దీపంలా వెలిగింది. "పిచ్చిదానా! మీ ఫీజు ముడిల ఎన్ని పావురాలు?"

"మున్నూట ముప్పై ఆరు."

"రెండేండ్లు మీ అమ్మ చేతి రవ్వ తిన్న గుంపు! ఎగరెయ్యి. మేపిన గుంపు ఇంకో పది ఇండ్ల పావురాలను ఎంట దెస్తది. నా మిద్దె మీద వాలినదానికి అణా తీసుకునే ఇడుస్త గదా? నీవి చిన్నయి, నాలుగిటికి అణా. గల్లీ కానూను ఇది, ఎవ్వడు కాదంటడు?"

"అవి ఇంకొకల మిద్దె మీద వాలితే?"

బాలనర్సింహ జొన్నలు చల్లడం ఆపాడు. "ఆట అన్నంక గది గూడ ఉంటది. నీ రూపాయలు మూగవోతయి."

రాహేలు తన వెనకాలే మిద్దెక్కిన అమ్మ వైపు చూసింది. ఆగమ్మ కిందికి దిగింది. లోపలికి పోయి ఎర్ర దుప్పటి తెచ్చి మిద్దె మీద పరిచింది.

ఎనభై నాలుగు రూపాయలు వరసగా పేర్చారు. రాహేలు గాజులు టకటకలాడించింది. మున్నూట ముప్పై ఆరు పావురాలు బయటికి వచ్చి, పెండ్లిలో ఒక్కసారి చల్లిన అక్షింతల్లాగా ఆకాశంలోకి లేచాయి! గల్లీ మీద ఒక చుట్టు, మక్కామసీదు దిక్కు ఇంకో చుట్టు తిరిగి, చార్మినార్ వైపు పోయి కనుమరుగైపోయాయి.

ఎంతసేపటికీ రాలేదు. బాలనర్సింహ నుదుటికి చేయి అడ్డం పెట్టి చార్మినార్ దిక్కే చూస్తున్నాడు. రాహేలు ఒక రూపాయి తీసి పిట్టగోడకు కొట్టింది. పెంకులాగా టప్పుమంది. రెండేండ్ల కష్టం, ఆ నీలం మంట, ఆ గాజు గొట్టాలు అన్నీ ఆ టప్పులో ఉన్నాయనిపించింది. కండ్లు మసకబారుతుంటే గాజులు ఇంకా ఇంకా గట్టిగా ఆడించింది.

"అగో!" అని అరిచాడు బాలనర్సింహ. "చెల్లే, అగో!"

మీనార్ల నడుమ సన్నటి పొగలాగా మొదలై, దగ్గరికి వచ్చేసరికి అది చాపంతయింది, పందిరంతయింది. పోయిన దానికి మూడింతలకు పైనే గుంపు! దుప్పటి మీద గలగలా వాలింది. ఆగమ్మ దోసిళ్లతో రవ్వ చల్లింది. ఎనభై నాలుగు రూపాయల పావురాలు తిని తమ రూపాయల్లోకి పోయాయి. మిగిలినవి దిక్కులు చూస్తూ నిలబడ్డాయి.

ఇంక చూడాలి లొల్లి! మెట్లన్నీ మనుషులే.

"అరే, నా ఉప్పు డబ్బల రూపాయి మూగవోయింది!" అంటూ పాలామె కృష్ణమ్మ వచ్చింది. బుర్ఖా ముసుగు పైకి వేసుకుని మూల ఇంటి బీబీ వచ్చి, "ఏ చార్ మేరే!" అని తన నాలుగింటిని వేలితో చూపించి నవ్వింది. ఒకరు అణా ఇస్తే, ఇంకొకరు "కాలేజీ పిల్లకు అణా ఏంది?" అని రెండణాలు చేతిలో పెట్టారు. చిరాకు పడినవాడు ఒక్కడూ లేడు. పొద్దు వాలేసరికి నలభై ఎనిమిది అణాలు, అంటే మూడు రూపాయలు. ఇంకా పదకొండు కావాలి.

అయినా దుప్పటి మీద ఇంకా వందల పావురాలు మిగిలే ఉన్నాయి. దుమ్ము రంగువి. వెలుతురుకు కండ్లు చికిలిస్తూ, రెక్కలు సగమే విప్పుతూ ఉన్నాయి. అవి ఎవరివో అడగడానికి ఎవరూ రాలేదు.

అప్పుడు మెట్ల మీద చేతికర్ర చప్పుడు వినిపించింది. విఠల్‌రావు రొప్పుతూ పైకి వచ్చాడు. గుప్పిట్లో ఒక రూపాయి. దాన్ని పిట్టగోడకు కొట్టి చూపించాడు. టప్పు.

"తాళం సందులకెల్లి ఎల్లిపోయినయి," అన్నాడు. "ఇరవై ఏండ్లు మంచం కింద సన్నగ కూసేటియి. ఇయ్యాల చప్పుడు లేదు."

"లెక్క వెట్టుకో రావుసాబ్," అన్నాడు బాలనర్సింహ. నవ్వు ఆపుకోలేకపోతున్నాడు.

లెక్క పెట్టారు. ఏడు వందల నాలుగు పావురాలు. నూట డెబ్బై ఆరు అణాలు. పదకొండు రూపాయలు! రాహేలు పెదవి కొరుక్కుంది, లేకపోతే కేక పెట్టేదే.

విఠల్‌రావు పింఛను సంచి విప్పి పదకొండు రూపాయలు ఆమె చేతిలో పోశాడు. తర్వాత పావురాల ముందు వంగి "పాండి, ఇంటికి పాండి," అన్నాడు. ఒక్కటీ కదల్లేదు.

"ఎన్నడన్న మేత ఏస్తివా?" అడిగింది ఆగమ్మ.

ఆగమ్మ ఆయన అరచేయి తెరిచి గుప్పెడు రవ్వ పోసింది. ముసలాయన ఆ చేతిని చాచి నేల మీద కూర్చున్నాడు. చాలాసేపటికి ఒక పావురం ఎక్కింది. ఇంకోటి ఎక్కింది. ఆ తర్వాత అరచేయే కనిపించలేదు. "అబ్బా, చక్కిలిగిలి!" అని విఠల్‌రావు నవ్వాడు. ఆయన నవ్వు ఎట్లా ఉంటుందో గల్లీకి ఆ సాయంత్రమే తెలిసింది.

మర్నాడు పొద్దున సరాఫ్ తొంభై ఎనిమిది రూపాయలు రాతి మీద మోగించాడు. ఆ మోతకు మురిసి, నాణేలు మార్చినందుకు పట్టుకునే బట్టా కూడా పట్టలేదు. ఎనభై నాలుగు కల్దార్లు లెక్క పెట్టి ఇచ్చాడు. పదకొండూ ముక్కాలుకు గుమాస్తా రసీదు మీద మొహరు కొట్టాడు. రాహేలు వంతెన మీద నడవలేదు, ఉరికింది.

సిరా కొందామని దారిలో చిన్న ముడి విప్పింది. లోపల దుమ్ము రంగు పావురం ఒకటి ముడుచుకుని నిద్రపోతోంది!

సీదా విఠల్‌రావు ఇంటికి పోయింది. కిటికీ తెరిచి ఉంది. కిటికీలో పళ్లెం నిండా రవ్వ. ఆయన ఒక రూపాయిని మళ్లీ మళ్లీ బల్ల మీద కొట్టి చెవి పెట్టి వింటున్నాడు. అది ముప్పాతికే మోగుతోంది.

"మీ పావురం నా సిరా ముడిల పండుకుంది సాబ్. నేను పట్టలే, అదే వచ్చింది. అణా వద్దు."

విఠల్‌రావు పావురాన్ని చూశాడు, రూపాయిని చూశాడు. తర్వాత ఆ రూపాయిని తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. పావురం లేచి, ఆవులించి, తన మీనారులోకి దూరింది.

"ఉండనియ్యి బేటా. సిరాకు."

"మీ రూపాయి గడప దాటదంటిరి గదా?"

"నేనేడ దాటిచ్చిన? అదే దాటింది." ఆయన పళ్లెంలో ఇంకో గుప్పెడు రవ్వ పోశాడు. "దానికి తోవ దెల్సింది. వచ్చే జూన్‌ల ఫీజుకు కడమయి గూడ వస్తయి. మీ అమ్మకు చెప్పు, రవ్వ తయారుంచుమని."