కళ్లు మూసిన పాప పటం

అక్టోబరు నెల ఆఖరి రోజు ఉదయం, అల్మరాలోని పింగాణీ దుమ్ము దులపడానికి స్టూలెక్కిన ఒతీలియాకు రెండో అర పూర్తికాకముందే మోకాళ్లు మొరాయించాయి. మూడో అర వైపు ఒకసారి చూసి, నిట్టూర్చి, గోడ పట్టుకుని మెల్లగా దిగింది. ఈ ఏడాది ఆ అర దుమ్ముతోనే ఉంటుంది. వచ్చే ఏడాదికి అల్మరాయే ఉండదు.

నలభై ఆరేళ్లుగా ఆదివారం తప్పకుండా ప్వేబ్లా పట్టణంలోని కప్పల వీధి సంతకు నడిచి వెళ్లి, ఒక్కొక్కటిగా ఏరి తెచ్చుకున్న సొత్తు అది. నీలిపూల పళ్లేలు, సాసరు పోగొట్టుకున్న కప్పులు, మూత లేని సూపుగిన్నెలు, పగిలినప్పుడు ఇనుప తీగెతో కుట్లు వేయించుకుని మళ్లీ భోజనపు బల్లకెక్కిన పాత్రలు. ఒక రోజాపూల కప్పుకు తగిన సాసరు పదమూడేళ్ల తరువాత మరొకరి దుకాణంలో దొరికిన రోజున, పెళ్లికాని పిల్లకు సంబంధం కుదిరినంత సంబరంతో ఇంటికి వచ్చింది. ఆ సంబరం ఏ సంవత్సరంలో ఆగిపోయిందో ఆమెకే తెలియదు. ఇప్పుడు మిగిలింది తుడవడమే. భర్త ఫెర్మీన్ పోయి పదకొండేళ్లయింది. మెట్లు లేని చిన్న గది ఒకటి చర్చి వెనుక దొరికింది. అందులో మంచమూ కుర్చీ పడతాయి, అల్మరా పట్టదు.

పది గంటలకు నికనోర్ వచ్చాడు. కప్పల వీధిలో పాత సామాన్ల వ్యాపారి. అతని పెద్దకూతురికి బాప్తిస్మం నాడు ఒతీలియా జ్ఞానతల్లిగా నిలిచింది. ఆ వరసన ఆమె అతనికి వదిన. టోపీ మోకాలి మీద పెట్టుకుని అరలన్నీ తీరిగ్గా పరికించాడు.

"మూడో తారీఖున బండి తెస్తా వదినా. కానీ మాట ముందే చెప్పాను కదా. పటంతో కలిపితేనే."

"పటం ఇవ్వనని నేనూ ముందే చెప్పాను."

"పటం లేకుండా ఈ కుట్ల పళ్లేలు నాకెందుకు? పగిలినవే కావాలంటే మా ఇంట్లో మా ఆవిడ రోజుకొకటి తయారు చేస్తూనే ఉంది."

"అయితే ఆవిడ చేతివే అమ్ముకో."

అతడు చనిపోయినవారి పండుగకు గోడవారగా అమరుస్తున్న పితృదేవతల బల్ల వైపు చూశాడు. బంతిపూలు, కొవ్వొత్తులు, ఫెర్మీన్ ఫోటో, పక్కన చిన్న చెక్క చట్రంలో ఆ పటం. తెల్లని లేసు గౌను, అట్టరెక్కలు, కాగితపు పూల కిరీటం పెట్టుకున్న అయిదేళ్ల పాప, కుర్చీలో ఒరిగి, కళ్లు మూసుకుని ఉంది. పూర్వం పసిబిడ్డ చనిపోతే దేవదూతలా అలంకరించి పటం తీయించే ఆచారం ఉండేది. అటువంటి పటాల కోసం రాజధాని నుంచి వచ్చే సేకర్తలు అడిగినంత ఇచ్చి కళ్లకద్దుకుని పట్టుకుపోతారు.

"ఇలాంటిది ఇక దొరకదు. నేనే నీకు అమ్మాను, ఆ రోజు నా బుద్ధి గడ్డి తింది," అన్నాడు లేస్తూ. "ఆలోచించుకో. ఈ అరలు నువ్వు ఇంకెన్నాళ్లు తుడుస్తావు?"

అదే ప్రశ్న ఆమె మోకాళ్లూ అడుగుతున్నాయి. పటం ఇస్తే చాలు, మూడో తారీఖుకు ఇల్లు ఖాళీ. కానీ అది అతడనుకునే పటం కాదు. నలభై ఆరేళ్ల క్రితం ఒతీలియాకు ఆడపిల్ల పుట్టింది. మూడు రోజులు బతికింది. మంత్రసాని గ్లాసు నీళ్లతో జ్ఞానస్నానం చేసి ఆల్బా అని పేరు పెట్టింది. ఫోటో తీయించుదామంటే, మూడు రోజుల ముచ్చటకు జ్ఞాపకమెందుకని ఫెర్మీన్ తల దించుకున్నాడు. తరువాత చాలాకాలం బల్లమీద ఆ బిడ్డ పేర ముఖం లేని కొవ్వొత్తి మాత్రమే వెలిగింది. పందొమ్మిదేళ్ల క్రితం నికనోర్ రేకుపెట్టెలోంచి ఆ పటం తీసి చూపినప్పుడు ఒతీలియా జీవితంలో మొదటిసారి బేరమాడకుండా కొన్నది. బిడ్డ బతికి ఉంటే అయిదో ఏట ఇలాగే ఉండేదనుకుంది. ఆ ఏటి నుంచి పటమే ఆల్బా అయింది. అబద్ధమని తోచి ఒకసారి చర్చిలో పాపసంకీర్తనం వేళ చెప్పుకుంటే, అక్కడి గురువుగారు మూడు మంగళవార్త జపాలు విధించి, పోయి భోంచేయమన్నారు.

మధ్యాహ్నం పన్నెండు గంటలకు చర్చి గంటలు మోగాయి. పసిబిడ్డల ఆత్మలు ఇళ్లకు చేరే వేళ అది. ఒతీలియా గాజుగ్లాసులో పాలు పోసి, చక్కెరతో చేసిన గొర్రెపిల్ల బొమ్మను పక్కన పెట్టి, కొపాల్ ధూపం వేసింది. తిలోదకమైనా, గ్లాసెడు పాలైనా, పోయినవారి దాహం తీరడానికి పేరు చెప్పి అర్పించాలి. ఆమె పేరు చెప్పింది.

మూడు గంటలకు గుమ్మం దగ్గర చేతికర్ర చప్పుడైంది. ఒతీలియా ఉంటున్న లోగిలిలోనే నెల రోజుల క్రితం మూలగది అద్దెకు తీసుకున్న కాసిల్డా అనే ముసలావిడ. ఎనభై దాటింది, నా అన్నవారు లేరు. ఆనవాయితీ ప్రకారం వార్తాపత్రికలో చుట్టిన కొవ్వొత్తి తెచ్చింది. ఒతీలియా దాన్ని బల్లమీద వెలిగించి, ఆమెను కూర్చోబెట్టి, పండుగ రొట్టె, చాక్లెట్ కప్పు చేతికిచ్చింది.

కాసిల్డా రొట్టె తుంచి చాక్లెట్లో ముంచబోతూ ఆగింది.

"ఆ పిల్లెవరు తల్లీ?"

"మా అమ్మాయండి. ఆల్బా."

పాపసంకీర్తనం బయట అలా అనడం అదే మొదటిసారి. కాసిల్డా రొట్టె తినేసింది, వేళ్లు తుడుచుకుంది, మళ్లీ పటం వైపు చూసింది.

"మీ అమ్మాయికి ఎడమ చెవి కింద పుట్టుమచ్చ ఉంది కదూ?"

"ఉంది," అంది ఒతీలియా. పటంలో అది స్పష్టంగానే కనబడుతుంది. "మీకెలా..."

ముసలావిడ తెల్లజుట్టును చెవి మీది నుంచి పక్కకు తోసింది. ముడతల మధ్య మిరియపు గింజంత మచ్చ.

"ఆ రెక్కలు మా మేనమామ చెప్పులపెట్టె అట్టతో చేశాడు. ఊరేగింపులో దేవదూత వేషం నాకు. తెల్లారకముందే లేపేశారు, పైగా దగ్గు మందు పట్టారు. ఫోటో తీసేవాడు వచ్చేసరికి కుర్చీలోనే నిద్రపోయాను. లేపుదామంటే మా నాయనమ్మ, మెలకువగా ఉంటే ఏడుస్తుంది, ఇలాగే తియ్యవయ్యా అంది. చచ్చినదానిలా ఉందని మా అమ్మ గోడకు తగిలించనివ్వలేదు. పెట్టె అడుగున పడేసింది. మా అన్న ఇల్లమ్మినప్పుడు ఆ పెట్టె కూడా పోయింది."

ఒతీలియా మంచం అంచున కూర్చుని, బల్లమీది పాలగ్లాసు వైపు చూసింది.

"ఎన్నేళ్లుగా పెడుతున్నావు ఆ పాలు?"

"పందొమ్మిదేళ్లు."

"నాకు పాలు పడవు," అంది కాసిల్డా. "నవంబరు వచ్చిందంటే కడుపుబ్బరం. ఎంతమంది డాక్టర్లకు చూపించుకున్నానో. వాళ్లకేం తెలుసు, ఇక్కడ నువ్వు పోస్తున్నావని."

బతికున్నవారి పటం బల్లమీద పెట్టడమంటే మృత్యువుకు దారి చూపడమేనని అందరికీ తెలుసు. వెంటనే తీసేయాలి. ఒతీలియాకు చేయి రావడం లేదు.

"ఈ రెండు రోజులూ ఉండనివ్వండి," అంది చివరకు. "గంటలు కొట్టేశారు. వచ్చేసే ఉంటుంది."

"ఎవరు?"

అప్పుడు చెప్పింది. మూడు రోజులు, మంత్రసాని, గ్లాసు నీళ్లు, ముఖం లేని కొవ్వొత్తి. పదిమాటల్లో అయిపోయింది. గురువుగారికి తప్ప ఎవరికీ చెప్పని సంగతి అంత చిన్నదని ఆమెకు అప్పుడే తెలిసింది.

కాసిల్డా కర్రను గోడకు ఆనించింది.

"నీ మీద కోపం లేదు తల్లీ. పటం కూడా నేనేం చేసుకోను. కానీ ఒక్క మాట. ఆ బిడ్డ ఏటేటా గుమ్మం దాకా వచ్చి, బల్లమీద నా ముఖం చూసి, ఇది ఇంకెవరి ఇల్లో అనుకుని వెనక్కి పోయి ఉంటే?"

ఒతీలియా లేచింది. బంతిపూలు పక్కకు జరిపి రెండు చేతులతో పటం ఎత్తి కాసిల్డా ఒళ్లో పెట్టింది. బల్లమీద ఆ చోటు బోసిపోయింది. మునుపటిలా కొవ్వొత్తి ఒక్కటే పెట్టబోయి ఆగింది. స్టూలు అల్మరా దగ్గరకు లాగింది.

"ఆ మోకాళ్లతోనా?" అంది కాసిల్డా.

"మూడో అర మీద ఒకటుంది."

"ఆగు, పట్టుకుంటా."

ఒక ముసలిది ఎక్కగా మరొక ముసలిది స్టూలు పట్టుకుంది. ఎవరు ముందు పడతారో చెప్పలేని స్థితి. వెనుక వరుసలో, అందరికన్నా ఎక్కువ దుమ్ము పట్టి, పిల్లలు చాక్లెట్ తాగే చిట్టికప్పు ఉంది. పసుపు అంచు, పిడి విరిగితే వేసిన రెండు తీగె కుట్లు. ఆరో నెల కడుపుతో ఉండగా, ఒక ఆదివారం ఫెర్మీన్‌తో కలిసి కప్పల వీధిలో కొన్న కప్పు. పుట్టబోయే బిడ్డకని కొన్నది. ఈ అల్మరాలోకి వచ్చిన మొదటి వస్తువు అదే. తక్కిన మూడువందలూ దాని వెనుకే వచ్చి, దాన్ని వెనక్కి నెట్టేశాయి.

శాలువా అంచుతో తుడిచింది. గ్లాసులో పాలు అందులోకి వంచి బోసిపోయిన చోట పెట్టింది. ముఖం లేదు. "ఆల్బా, ఇదే మన ఇల్లు," అని మామూలు గొంతుతో చెప్పి, అలసి కూర్చుంది.

మూడో తారీఖున నికనోర్ బండి తెచ్చాడు. లోగిలిలో ఎండకు కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్న ముసలావిడను దాటి లోపలికి వచ్చి బల్ల వైపు చూశాడు.

"పటమేది వదినా?"

"దాని యజమానురాలు పట్టుకుపోయింది. అదిగో, చిక్కుళ్లు ఒలుస్తోంది."

"చచ్చిన పిల్లను నేనే నాయనా," అంది కాసిల్డా బయటి నుంచి.

ఒతీలియా జరిగింది చెప్పింది. నికనోర్ టోపీ తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు.

"నిద్రపోయే పిల్లను పోయిన పిల్లని చెప్పి నాకంటగట్టావు మరిదీ."

"నేనూ అలాగే నమ్మాను వదినా, ప్రమాణంగా. కళ్లు మూసుకుంటే నిద్రో చావో నేను మాత్రం ఎలా చెప్పగలను?" అరలవైపు తిరిగి, "పాత కాగితాలుంటే ఇవ్వు. పళ్లేలు చుట్టాలి కదా," అన్నాడు.

సాయంకాలానికి మూడు అరలూ ఖాళీ అయ్యాయి. పళ్లేలున్న చోట్ల దుమ్ము నడుమ గుండ్రని శుభ్రమైన జాడలు మిగిలాయి. వాటిని తుడవబుద్ధి కాలేదు ఒతీలియాకు. కాసిల్డా వచ్చి పటాన్ని ఖాళీ అరలో గోడకు ఆనించి పెట్టింది.

"నీ గదికే తీసుకుపో. గోడకు తగిలించు, బల్లకు కాదు. నేను పోయాక బల్లెక్కిద్దువుగాని. పాలు మాత్రం వద్దు. కాఫీ."

"ముందు నేనే పోతే?"

"అప్పుడు నీకేం కావాలో ఇప్పుడే చెప్పిపో. మళ్లీ డాక్టర్ల చుట్టూ తిరగలేం."

బయట నికనోర్ ఆఖరి పెట్టెకు తాడు బిగిస్తున్నాడు. ఒతీలియా గోడ పట్టుకుని గుమ్మం దాకా నడిచి, చిట్టికప్పును అతని ముందు పెట్టింది.

"ఇది అమ్మకానికి కాదు. చూసుకో. పసుపు అంచు, సన్నని గీత. దీని సాసరు ఎక్కడైనా కనబడితే..."

"కొనడం మానేశావనుకున్నాను."

"మానేశాను," అంది ఒతీలియా. "ఒక్క సాసరు."

అతడు కప్పును వెలుతురుకెత్తి, అడుగు భాగం తిప్పి చూసి, జాగ్రత్తగా ఆమె చేతుల్లో పెట్టాడు.