నోరారా పిలిచే పేరు

మా మేనకోడలికి పేరు పెట్టే నాటికి దానికి ఇరవై ఏడేళ్ళు. అంత ఆలస్యం ఎందుకయిందని అడిగేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. అది పుట్టినప్పుడు మగపిల్లాడనుకున్నాం. ఆసుపత్రిలో నర్సు అలాగే చెప్పింది, మేమూ అలాగే నమ్మాం. కాదని నోరు తెరిచి చెప్పుకోవడానికి దానికే అన్నేళ్ళు పట్టింది. ఇక మాకు పట్టదా?

మొదటిసారి పేరు పెట్టింది కూడా నేనే. మా ఇళ్ళల్లో బారసాల నాడు బిడ్డ చెవిలో పేరు చెప్పేది మేనత్త. అది పుట్టడానికి కొద్దిరోజుల ముందే మా నాన్న పోయాడు. ఆయన పేరు బసవయ్య. తమ్ముడు ఏడుకొండలుకి తొలిచూలు బిడ్డ, అదీ మగబిడ్డ అన్నాక ఇంకో పేరు ఆలోచించే పనే లేదు. చెవిలో ముమ్మారు చెప్పి, చీరా గాజులూ పుచ్చుకుని గుడివాడ బస్సెక్కాను. ఆ పేరు పట్టుకుని బళ్ళో పిల్లలు గంగిరెద్దు అని ఏడిపించేవాళ్ళని తర్వాత తెలిసింది. తెలిసినా నేను పెద్దగా జాలిపడలేదు. మా నాన్న పేరది. ఆయన పేరు ఆ ఇంట్లో వినపడుతుంటే ఆయన ఇంకా వసారాలో కూర్చున్నట్టే ఉండేది నాకు.

అది చదువుకుంది, బందరులో ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేసే ఉద్యోగంలో చేరింది. మూడేళ్ళ క్రితం ఇంటికొచ్చి, అమ్మానాన్నల్ని కూర్చోబెట్టి, తను ఆడదాన్ననీ, ఊహ తెలిసినప్పటి నుంచీ అంతేననీ చెప్పేసింది. ఏడుకొండలు తిట్టలేదు, కొట్టలేదు. లేచి చేపల చెరువు గట్టుకి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి దానితో మాట మానేశాడు. మా మరదలు రాజ్యలక్ష్మి మాత్రం ఆదివారం వస్తే చాలు, క్యారేజీ సర్దుకుని బందరు బస్సెక్కేది. నేనంటారా? నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఫోన్‌లో దాని మీద గొంతు పోయేదాకా అరిచేదాన్ని. అంతా విని, "అత్తా, బీపీ మాత్ర వేసుకున్నావా?" అనేది. అలాంటిదానితో ఎంతకాలమని పోట్లాడతాం?

మొన్న మార్చిలో తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, ఆదివారం అది ఇంటికొస్తానంటుంది. నువ్వూ రా."

"నేనెందుకురా?"

"ఏదో పేరు సంగతంట. నిన్నే అడగాలంట. నాకవన్నీ తెలీవు, నువ్వే తేల్చు."

వాడు రమ్మనడమే గొప్ప. పామర్రులో బస్సు మారి, గూడూరులో దిగి, ఆటోలో మా ఊరు చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. అది అప్పటికే వచ్చి ఉంది. లేతాకుపచ్చ నేతచీర కట్టుకుని గుమ్మంలో నిలబడింది. కుచ్చిళ్ళు నాకన్నా పొందిగ్గా పెట్టింది. నిజం చెప్పాలంటే అది చూసి నాకు కొంచెం కుళ్ళు కలిగింది.

"కొత్తగా నేర్చుకున్నదానివి, పిన్నీసులెన్ని పెట్టావే?" అన్నాను.

"లెక్కపెట్టకత్తా, పరువు పోద్ది" అని కాళ్ళకి దండం పెట్టింది.

భోజనాలయ్యాయి. ఏడుకొండలు దాని వంక చూడకుండానే బొచ్చె చేప ముక్క ఒకటి ఎక్కువ వేయమని పెళ్ళానికి సైగ చేయడం నేను చూశాను. తిన్నాక వాడు వసారాలో నులకమంచం మీద కూర్చుని, చేపల మేతకి తెచ్చిన గోతాలకి, నీళ్ళలో తవుడు మెల్లగా జారేలా చిల్లులు పొడుస్తున్నాడు. అది వచ్చి నా పక్కన చాప మీద కూర్చుంది.

"ఆధార్‌లో పేరు మార్పించుకోవాలత్తా. విజయవాడలో మా గురువమ్మ తనే పెడతానంది. మాలాంటివాళ్ళల్లో గురువే పేరు పెట్టడం పద్ధతి. నేనే ఆగమన్నా. మాకు మేనత్త ఉందండీ అన్నా."

నాకు లోపల ఏదో కరిగింది. పైకి కనపడనివ్వలేదు.

"ఈ మూడేళ్ళూ నువ్వేం అనుకోలేదా?"

"అనుకున్నా. లిఖిత, సుప్రియ, సంజన. ఒక్కోటీ కొన్నాళ్ళు ఫ్రెండ్స్ చేత పిలిపించుకున్నా. బానే ఉంటాయి. కానీ వెనక నుంచి పిలిస్తే నేను తిరగట్లేదత్తా. పక్కన ఇంకెవర్నో పిలుస్తున్నారనుకుంటున్నా." కాసేపు చీర అంచు సర్దుకుంది. "ఇంట్లోవాళ్ళు పెడితే తిరుగుతానేమోనని వచ్చా. ఇంట్లోవాళ్ళు పిలవని పేరు ఆధార్‌లో ఉంటే ఏంటి, లేకపోతే ఏంటి?"

వసారాలో గోతాల చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలైంది.

నేను వచ్చేటప్పుడు బస్సులోనే ఆలోచించుకుని పెట్టుకున్నాను. "బసవేశ్వరి" అన్నాను.

దాని మొహం వాడింది. వెంటనే నవ్వేసింది. "అత్తా, ఇంతోటిదానికి నాన్న చెరువులో చేప పేరు పెట్టుకోవచ్చు కదా. శీలావతి అని."

వసారాలో మా తమ్ముడు దగ్గాడు. ఆ దగ్గు నవ్వేనని నాకు తెలుసు.

"వేళాకోళాలొద్దు. మా నాన్న పేరు ఈ ఇంట్లో లేకుండా పోతుందే" అన్నాను. గట్టిగా అందామనుకున్నాను. కానీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఆయన పోయిన పుట్టెడు దుఃఖంలో నిన్ను ఒళ్ళో పెట్టుకుని ఆ పేరు చెప్పాను. నువ్వు దాన్ని విప్పి అవతల పెడతానంటే నాకెలా ఉంటుంది?"

అది నా చెయ్యి పట్టుకుంది. రక్తం తీసేటప్పుడు పట్టుకుంటారే, అంత నెమ్మదిగా.

"సరే అత్తా. ఏడవకు. బసవేశ్వరి అనే పెట్టు. నువ్వు పిలిస్తే పలుకుతాను."

"వద్దండీ వదినగారూ" అని వినిపించింది వంటింటి గుమ్మంలోంచి.

రాజ్యలక్ష్మి. అంట్లు తోముతూ లేచి వచ్చినట్టుంది, చేతులకి సబ్బు నురగ. ఆ ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచీ నా మాటకి వద్దన్నది ఆ రోజే.

"ఏం, నీకేం అభ్యంతరం?" అన్నాను.

"మావయ్యగారి పేరు నేనెలా పలుకుతానండీ?"

మామగారి పేరు కోడలు నోట పలకకూడదన్నది పాత పద్ధతి. ఇప్పటి కోడళ్ళు దాన్ని పట్టించుకోరు. ఫోన్ నంబర్ దగ్గర మామగారి పేరు కొట్టి పెట్టుకునేవాళ్ళే అందరూ. రాజ్యలక్ష్మి పట్టించుకుంటుందని నాకు తెలుసు. దాని వల్ల ఏం జరుగుతూ వచ్చిందో మాత్రం నాకెప్పుడూ తట్టలేదు.

"బళ్ళో చేర్పించినప్పుడు పేరేంటమ్మా అని మేస్టారు అడిగితే పక్కావిడ చేత చెప్పించా. జ్వరమొచ్చి ఆసుపత్రికి తీసుకెళ్తే నర్సమ్మ అడిగింది. మా మావయ్యగారి పేరండీ అన్నా. ఆవిడ పడీ పడీ నవ్వింది. బాబూ బాబూ అంటూ నెట్టుకొచ్చా. ఇప్పుడా మాట కూడా లేదు." కొంగుతో చేతులు తుడుచుకుంది, నురగంతా చీరకంటింది. "ఇదిగో అంటున్నా. ఏమమ్మా అంటున్నా. మొన్న బందరు బస్టాండులో అది అటు తిరిగి నిలబడింది. వెనక నుంచి పిలవడానికి నా దగ్గర మాట లేదు. జనాన్ని తోసుకుంటూ వెళ్ళి భుజం తట్టా. కన్నబిడ్డని ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదండీ నేను. మళ్ళీ నేను పలకలేని పేరు పెట్టకండి."

నాకు చర్రున కోపమొచ్చింది. రాజ్యలక్ష్మి మీదా, ఆ పద్ధతి మీదా, పోయిన మా నాన్న మీదా, ఏమో తెలియదు. ఆ పిల్ల మాత్రం తల్లిని అప్పుడే కొత్తగా చూస్తున్నట్టు చూస్తోంది. అందరూ తనని పిలిచిన పేరు ఒక్క అమ్మ నోట వినలేదన్న సంగతి దానికీ అప్పుడే తట్టినట్టుంది.

"అయితే నువ్వే పెట్టు" అన్నాను విసురుగా. అది కోపంలో అన్న మాట. రాజ్యలక్ష్మి మాత్రం నిజంగానే తీసుకుంది.

"నాకు పేర్లేం తెలుసండీ. దూరం నుంచి పిలిస్తే వినపడాలి. నాకదే కావాలి." దొడ్డి వైపు చూసింది. "మీరిద్దరూ చెరువు గట్టెక్కండి. నేను దొడ్డిగుమ్మంలోంచి పిలుస్తా. దేనికి తిరుగుతుందో చూద్దాం."

"నీకేమన్నా పిచ్చా? ఊరంతా వింటుంది."

"విననివ్వండి" అంది.

ఏడుకొండలు గోతాలు భుజాన వేసుకుని మాకన్నా ముందే వెళ్ళిపోయాడు. మేం గట్టెక్కేసరికి చిన్న పడవలో నిలబడి, తవుడు నింపిన గోతాల్ని నీళ్ళలో పాతిన కర్రలకి కడుతున్నాడు. మా వైపు వీపు పెట్టాడు. గాలి చెరువు మీంచి బలంగా వీస్తోంది. ఇంటి దొడ్డిగుమ్మంలో రాజ్యలక్ష్మి పసుపు చీర కనపడుతోంది.

"లిఖితా" అని పిలిచింది. అది గాలికి కొట్టుకుపోయింది. "సుప్రియా" సగమే వచ్చింది. "సంజనా" మాత్రం స్పష్టంగా వినపడింది. ఆ పిల్ల నా వంక చూసి తల అడ్డంగా ఊపింది.

"విన్నానత్తా. కానీ అమ్మ ఎవరో సంజనని పిలుస్తున్నట్టుంది."

గట్టు పక్కన గేదెకి గడ్డి కోసుకుంటున్న రావమ్మ కొడవలితో సహా లేచి నిలబడింది. మా పక్కింటావిడే. ఆవిడకి తెలిస్తే ఊరికి తెలిసినట్టే.

"ఎవర్నమ్మా మీ మరదలు అంతలా కేకలేస్తుంది? కొత్తగా ఎవరొచ్చారేంటి?"

దాని వేళ్ళు నా మోచేతిని పట్టుకున్నాయి. అది నా వెనక్కి జరిగింది. చుట్టాలమ్మాయి అని తప్పించుకోవచ్చు, బందరు నుంచి వచ్చిన స్నేహితురాలనొచ్చు. సొంత ఊళ్ళో అది అలా నా వెనక దాక్కోవడం చూస్తే నాకు ఒళ్ళు మండింది.

"మా మేనకోడల్ని" అన్నాను. "ఏడుకొండలు బిడ్డని. నువ్వెరుగుదువుగా, నీ జామచెట్టెక్కి కిందపడింది."

రావమ్మ దాన్ని పైనుంచి కిందదాకా చూసింది. చాలాసేపు చూసింది.

"ఆ పొడుగు తండ్రిదే" అంది. మళ్ళీ వంగి గడ్డి కోసుకుంది. ఊళ్ళో ఏం చెప్తుందో, ఎలా చెప్తుందో అది తర్వాతి మాట.

రాజ్యలక్ష్మి నుంచి చాలాసేపు పిలుపు రాలేదు. దొడ్డిగుమ్మం పట్టుకుని అలాగే నిలబడి ఉంది. ఇక మరదలికి పేర్లయిపోయాయేమో, వెళ్దాం పదమందామనుకున్నాను. ఆ పిల్ల వంగి చీర అంచుకి అంటుకున్న పల్లేరుకాయ తీసుకుంటోంది.

"హైమా..."

"ఆ... వస్తున్నానమ్మా!"

గిరుక్కున తిరిగి పలికేసింది. పలికాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నా వంక చూసింది.

చెరువులో గోతం కడుతున్న చేతులు ఆగిపోయాయి. ఏడుకొండలు ఇటు తిరగలేదు. తాడు ముడి వంకే చూస్తూ అన్నాడు.

"మీ అమ్మ పిలుస్తుంటే నిలబడతావేంటి? వెళ్ళు తల్లీ."

మూడేళ్ళ తర్వాత దానితో వాడన్న మొదటి మాట అది. ఆ పిల్ల కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని గట్టు దిగి పరిగెత్తింది. నా మోకాళ్ళతో నేను వెనకాల ఈడ్చుకుంటూ వెళ్ళాను.

"ఎక్కడిదే ఆ పేరు? మీ పుట్టింటివాళ్ళదా?" అని రొప్పుతూనే రాజ్యలక్ష్మిని అడిగాను. మా నాన్న పేరు తీసేసి వాళ్ళ వాళ్ళ పేరు పెట్టిందంటే మాత్రం నేనూరుకునేదాన్ని కాదు.

"ఎవరిదీ కాదండీ. అటూ లేదు, ఇటూ లేదు. పోయినవాళ్ళ పేరు ఒకటి ఇన్నేళ్ళు మోసింది కదా. దీని పేరు దీనికే ఉండాలనిపించింది."

నాకు బాధ లేదని చెప్పను. ఆ ఇంట్లో మా నాన్న పేరు ఇక ఎవరూ పిలవరు. తలుచుకుంటే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది. కానీ మా నాన్నకి ఆడపిల్ల గుమ్మంలో నిలబడి ఏడిస్తే చూసే అలవాటు లేదు. నేను ఏడ్చినప్పుడల్లా ఆయనే ముందు ఓడిపోయేవాడు.

"హైమ అంటే సగం పేరు. ఆధార్‌లో హైమావతి అని రాయించు" అన్నాను. మేనత్త హక్కు నేనెందుకు వదులుకుంటాను? దాన్ని వంగమన్నాను. అంత పొడుగు మనిషి నా ముందు మోకాళ్ళ మీద కూర్చుంటే, చెవి దగ్గర జుట్టు పక్కకి తీసి, ముమ్మారు చెప్పాను. చీరా గాజులూ బందరులో మంచి కొట్లో కొనిపెట్టాలని కూడా అదే చెవిలో చెప్పాను. ఏడుస్తూనే నవ్వింది.

అది లేచి కళ్ళు తుడుచుకుంటుండగా, రెండడుగుల దూరంలో ఉన్న రాజ్యలక్ష్మి, చెరువవతలికి వినపడేంత గొంతుతో మళ్ళీ పిలిచింది.

"హైమా!"

"ఎదురుగానే ఉన్నా కదమ్మా."

"తెలుసు. పిలవనీ."