పచ్చగున్న రాజమణి

ఒక్కసారి విన్న పేరు నేను సచ్చేదాక మర్వ. నర్సింహులపేట బడిల నాతోని నాలుగో తరగతి దాక చదివిన ముప్పై ఇద్దరి పేర్లు, వాళ్ల తండ్రుల పేర్లు, వాళ్లింట్ల ఎడ్ల పేర్లు గూడ ఇప్పుడడిగినా చెప్త. గసొంటి మనిషి ఇంట్ల కూసోని ఉండంగ, మా జగపతి కొడుకు అమర్ పోయి కంప్యూటర్ ముంగట కూసున్నడు. నాకెట్లుంటది చెప్పుండ్రి.

జగపతి నాకు అన్న కొడుకు. కేసముద్రం మార్కెట్ యార్డు వెనుక కొత్తిల్లు కట్టిండు. ఇంటి ఆడబిడ్డ వచ్చి పాలు పొంగిస్తేనే అది ఇల్లు, లేకుంటే వట్టి సిమెంటు గోడలు. జగపతికి ఒక్కతే అక్క, రేగొండకిచ్చినం. తొమ్మిదేండ్ల కింద తన బిడ్డ పెండ్లికి ఆమెను ఫోన్ల పిలిచిండు. ఇంటికి పోయి బొట్టు పెట్టలే. "ఫోన్ జేస్తే రానీకె నేను కరెంటోన్నారా?" అని పెట్టేసిన మనిషి, మళ్ల తమ్ముని మొఖం చూడలే. ఇప్పుడు ఆమె ముంగట పోయి నిలవడనీకె జగపతికి ధైర్యం లేదు.

"కోడల్ని పంపుత కాకా. కొత్త పిల్ల బొట్టు పెడితే కాదంటదా? అక్క రాకుంటే మాత్రం నేను పొయ్యి ముట్టియ్య" అన్నడు.

అమర్ మానుకోటల ప్రైవేటు కాలేజీల పాఠాలు చెప్తడు. "తాతా, పిలుపులన్ని కాన్సెప్ట్ మ్యాపుల పెడుదం" అన్నడు.

"గదేందిర?"

"మన మెదడుల ఉన్నదంత బొమ్మ గీస్తది. మనిషికో గుండ్రం. గుండ్రాల నడుమ గీత. గీత మీద వరస. పిలువనోళ్లు ఎరుపు, బొట్టు పెట్టినంక ఆకుపచ్చ."

"మెదడున్నోనికి బొమ్మెందుకుర?"

"నువ్వు పోయినంక మాకెట్ల తాతా?"

నేను పోయినంక సంగతి నా ముంగటనే మాట్లాడుతడు. సదువుకున్నోడు మరి.

గీసిండు. నడుమ జగపతి, చుట్టూ రెండు వందల గుండ్రాలు. మా వంశమంత సాలెగూట్ల ఈగలు చిక్కినట్టున్నది. నన్ను తీస్కపోయి ఓ మూలకు, టెంటోని పక్కపొంటి పెట్టిండు. పైగ దాన్ని పెద్ద ఫ్లెక్సీ కొట్టించి ఇంటి ముంగట కట్టిండు. పత్తి లారీ డ్రైవర్ రాకేశ్ అది తొవ్వల పటమనుకున్నడు. గీత పట్టుకొని పోయి పోయి నర్సింహులపేటల మా వియ్యంకుని ఇంటి ముంగట లారీ ఆపిండు. వాళ్లింట్ల ఆనాడు పెండ్లిసూపులట, పెండ్లికొడుకు తరఫోడనుకొని శాలువ కప్పి, కోడి గోసి పెట్టిండ్రు. పత్తి మాత్రం ఇంకా దిగలే.

గృహప్రవేశం నాడు పొద్దుగాల అమర్ లాప్‌టాప్ తెరిచి చూపిచ్చిండు. "చూడు బాపూ, ఒక్కటి గూడ ఎరుపు లేదు." ఆడబిడ్డ అన్న గీత కాడ రాజమణి అనే గుండ్రం లేత గడ్డి తీరుగ పచ్చగున్నది. రేగొండ అక్క పేరు రాజమణి. జగపతి కండ్లల్ల నీళ్లు తిరిగినై.

ఎనిమిదిన్నరకు కారు దిగింది రాజమణి. పట్టుచీర కట్టుకొని, నవ్వుకుంట. "పొయ్యి ఏడున్నది?" అని కొంగు దోపుకున్నది.

ఆమె జనగామల బట్టల దుకాణం వెంకట్రాజం భార్య. ఆమె పేరు గూడ రాజమణే.

"వదినా, మీరు కూసోండ్రి" అన్నడు జగపతి.

"కూసునుడేందన్నా? మీ కోడలు వచ్చి కాళ్లు మొక్కి, 'అత్తమ్మా, నువ్వు రాకుంటే మా మామ పొయ్యి ముట్టియ్యడు' అన్నది. నాకు ఏడుపొచ్చింది. ఇరువై ఏండ్ల సంది మా దుకాణంల చీరెలు కొంటే నన్ను ఆడబిడ్డనే జేసుకున్నరనుకున్న."

జగపతి తన కోడలు మమత దిక్కు తిరిగిండు. "రేగొండత్త ఏదమ్మా?"

"గీమెనే గద మామా?"

"గీమెది జనగామ!"

"మ్యాపుల ఊరు జనగామనే ఉండె. రేగొండ అంటే ఇంటిపేరనుకున్న మామా." పాపం, ఆ పిల్ల వచ్చి నాలుగేండ్లే. రేగొండామెను ఎన్నడు చూడలే.

అమర్ ఇంకా తెర మీదనే గుచ్చి చూస్తున్నడు. "మ్యాపుల అయితే పచ్చగనే ఉన్నది బాపూ."

"పచ్చగుంటే తీస్కపోయి బర్రెలకెయ్యి!" అన్నడు జగపతి.

పంతులు గడియారం చూసుకున్నడు. "పది ఇరువైకి ముహూర్తం. దాటితే మళ్ల శ్రావణమే."

"ముహూర్తం శ్రావణంల వస్తది పంతులూ. మా అక్క రాదు" అని, జగపతి కుంకుమ భరిణ చేతుల పట్టుకొని, మమతను, నన్ను కార్ల ఎక్కిచ్చుకున్నడు. వరంగల్ మీదికెళ్లి రెండు గంటల పైన తొవ్వ.

రేగొండల ఆమె అరుగు మీద కూసోని మిరపకాయల తొడిమెలు తీస్తున్నది. తల ఎత్తలే.

"ఏం పని మీదొచ్చిండ్రు?"

"పాలు పొంగియ్యాలె అక్కా."

"ఏనాడు?"

"ఇయ్యాల్నే."

"ముహూర్తం?"

"అయిపోయింది."

అప్పుడు చూసింది. "గింత ఆలిశం ఎందుకైందిర?"

"కంప్యూటర్ల నువ్వు పచ్చగ కనవడ్డవు." ఎరుపేందో పచ్చేందో నేను విడమరిచి చెప్పిన.

ఆమె చేతుల కాయ గంపలేసింది. "తొమ్మిదేండ్ల సంది ఎర్రగనే ఉన్నర తమ్మీ. చూసెటోడు లేడు." అని మమత దిక్కు నొసలు వంచింది. "పెట్టు బిడ్డా."

ఒంటిగంటన్నరకు కేసముద్రం చేరినం. పంతులు ఎప్పుడో పోయిండు. చుట్టాలు ఆకలికి ఒకల మొఖం ఒకలు చూసుకుంటున్నరు. జనగామ రాజమణి మాత్రం పొయ్యి కాడనే కావలి కూసున్నది. ఎవల్ని ముట్టనియ్యలేదట. రేగొండ రాజమణి పొయ్యి ముట్టిచ్చింది, ఈమె గిన్నె పట్టింది. పాలు ఈశాన్యం దిక్కు పొంగినై.

ఇగ నా మతి సంగతి. అమర్‌కు పేర్లన్ని చెప్పింది నేనే. చివరికి వాడు, "తాతా, రాజమణి రెండుసార్లు వచ్చింది. ఇద్దరా, ఒక్కలా?" అని అడిగిండు. చిన్నప్పటి సంది వానికి ఆమె రేగొండత్తనే, పేరు వానికేం తెలుసు? నేను నిద్రమత్తుల, "ఒక్కతేర, కలిపెయ్" అన్న. కలిపిండు, ఊరు జనగామ ఒక్కటే మిగిలింది. అండ్ల ఒకామె నేను ఎత్తుకొని ఆడిచ్చిన పిల్ల. ఆ సాఫ్ట్‌వేరు ఎంత తెలివితక్కువదంటే, నా అసొంటోని మాట నమ్మింది.

ఒక్క ముచ్చట కల్పించిన, ఒప్పుకుంట. ఫ్లెక్సీ లేదు, రాకేశ్ లేడు, కోడిని గోసుడు లేదు. అమర్ దాన్ని నాలుగు కాయితాల మీద తీసి అతికిచ్చిండు, అంతే. "ఎర్రగనే ఉన్న" అన్న మాట గూడ నేను పుట్టిచ్చిందేననుకునేరు. కాదు. అది ఆమె అన్నదే.